మే 31 గడువు, ఆవకాయ సీజను: ఒక పచ్చళ్ళ యూనిట్ కేస్ స్టడీ

2023 మే 30, మధ్యాహ్నం మూడు దాటింది. తణుకు దగ్గర ఒక ఊళ్ళో పచ్చళ్ళ షెడ్డు వసారాలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఆవకాయ కలుపుతున్నారు. ఫుడ్ లైసెన్సు వార్షిక రిటర్ను, అంటే ఫారం డి-1, వెయ్యడానికి మర్నాడే ఆఖరు తేదీ. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. కొత్తది పెట్టాలంటే యజమానురాలి ఫోన్‌కి ఓటీపీ రావాలి.

ఓటీపీ వచ్చింది. ఫోన్ గోడకి తగిలించిన సంచిలో ఉంది. ఆవిడ చేతులు మోచేతుల దాకా ఆవపిండి, కారం, పప్పునూనెలో ఉన్నాయి. ఆ చేతులతో ఫోన్ ముట్టుకోలేరు. కడుక్కుని వస్తే మళ్ళీ పూర్తిగా పొడి అయ్యేదాకా కలపడానికి లేదు. చుక్క తడి తగిలినా డ్రమ్ము మొత్తం బూజు పట్టిపోతుంది. ఆవిడ వచ్చి ఫోన్ తీసేసరికి ఓటీపీ టైము అయిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి పక్కింటి పిల్లాడు వచ్చి అంకెలు చదివాడు.

లాగిన్ అయ్యాక అసలు పని మొదలైంది. ఏడాది మొత్తం ఏ పచ్చడి ఎన్ని కిలోలు చేశారు, ఎంతకి అమ్మారు, రకాల వారీగా చెప్పాలి. "తమ్ముడూ, గోంగూర లెక్క ఆయన పుస్తకంలో ఉంది, ఆయన కాయ కోసం తోటకి వెళ్ళారు" అన్నారు ఆవిడ. ఆయన వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. రిటర్ను పదకొండింటికి పూర్తయింది. ఆ సాయంత్రం కలపాల్సిన ముక్కల్లో రెండు బేసిన్లు తెల్లారేసరికి నల్లబడి మెత్తబడ్డాయి. పారబోశారు.

పద్నాలుగేళ్ళుగా గోదావరి, కృష్ణా జిల్లాల్లో చిన్న ఆహార యూనిట్లకి లైసెన్సులు, రిటర్నులు చూసే పని నాది. ఆ రెండు బేసిన్లు పాడవడంలో నా తప్పు కూడా ఉంది. ఆ సంగతి కింద చెబుతాను. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు.

యూనిట్ సంగతి

భార్యాభర్తలిద్దరూ ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ళ వ్యాపారం ఇది. 2022 నాటికి ఒక రేకుల షెడ్డు, కారం పట్టే మర ఒకటి, మిక్సింగ్ యంత్రం ఒకటి, సీలింగ్ మెషిన్ ఒకటి ఉన్నాయి. ఏడాదికి 14 టన్నుల సరుకు, సుమారు 42 లక్షల టర్నోవరు. రోజూ వచ్చే ఆడవాళ్ళు ఏడుగురు. గోంగూర, టమాటా, నిమ్మకాయ, ఉసిరి ఆయా నెలల్లో నడుస్తాయి. కానీ ఈ యూనిట్ బతికేది ఆవకాయ మీదే. ఏడాది పొడుగునా అమ్మే ఆవకాయ, మాగాయ అంతా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం లోపు పడిపోవాలి. కాయ ముదిరి, టెంక కట్టి, పుల్లగా ఉండే రోజులు అవే. ఒక వాన పడితే కాయ మారిపోతుంది. ఆ రోజుల్లో ఆరు వారాలు కాయ కొట్టడానికి, జీడి, పొర తీసి తుడవడానికి, కలపడానికి మరో పదిహేను పదిహేడు మంది ఆడవాళ్ళు వస్తారు. మొత్తం 24 మంది దాకా.

ఈ యూనిట్‌కి వర్తించేవి ఒక్కసారి చెప్పుకుంటే: ఫుడ్ లైసెన్సు, ఏటా డి-1, ఆరు నెలలకోసారి గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సరుకు పరీక్ష, పనివాళ్ళకి ఏటా మెడికల్ సర్టిఫికెట్లు, నీటి పరీక్ష, కాటాకి ఏటా ముద్ర, ప్యాకర్‌గా రిజిస్ట్రేషన్, జీఎస్టీ, పీఎఫ్ (పనివాళ్ళ భవిష్య నిధి), ఈఎస్ఐ (పనివాళ్ళ వైద్య బీమా), వృత్తి పన్ను, ఫ్యాక్టరీ లైసెన్సు, పంచాయతీ లైసెన్సు. జీఎస్టీ ఒక ఆడిటర్ గారు చూసేవారు. ఫుడ్ లైసెన్సు నేను. పీఎఫ్ గురించి అడగాలంటే పక్క ఊళ్ళో ఇంకొకాయన. మా ముగ్గురిలో ఎవ్వరం ఆవిడ ఏడాది మొత్తాన్ని ఒక్కచోట పెట్టి చూడలేదు. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది.

నా దగ్గరికి ఎలా వచ్చారు

2022 ఆగస్టు 8న వచ్చారు. ఆ ఏడాది డి-1 వెయ్యలేదు. అలాంటిది ఒకటుందని వాళ్ళకి తెలియదు. ఆలస్యానికి రోజుకి ₹100 చొప్పున 69 రోజులకి ₹6,900 కట్టించాను. ఆ యూనిట్ లైసెన్సు ఏడాది ఫీజు ₹3,000. లైసెన్సు కంటే రెండింతలకి పైగా, లెక్క చెప్పనందుకు కట్టారు.

ఆ రోజు నేను ఒక పని అడిగాను. రూళ్ళ పుస్తకం ఒకటి కొని, ప్రభుత్వ కాగితాల కోసం పోయిన ప్రతి రోజూ, ఎంత సేపు పోయిందో రాయమన్నాను. ఫీజులు, పన్నులు రాయొద్దు, టైము ఒక్కటే రాయమన్నాను. భర్తగారు ఓపిగ్గా రాశారు. ఏడాది తిరిగాక చూస్తే 61 రోజులు ఉన్నాయి. కొన్ని అరగంటవి, కొన్ని పూర్తి రోజువి. నన్ను కలవరపెట్టింది ఆ 61 కాదు. అందులో 22 రోజులు ఏప్రిల్ 15 నుంచి జూన్ 10 మధ్యలో పడ్డాయి.

ఎందుకో చూస్తే అర్థమవుతుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆ ఏడాది లెక్కలు చాలావరకు ఏప్రిల్, మే నెలల్లో అడుగుతారు. ఆఫీసులో కూర్చుని గడువులు రాసేవాళ్ళకి ఏప్రిల్, మే అంటే పాత ఏడాది ముగిసి తీరిగ్గా లెక్కలు చూసుకునే కాలం. పచ్చళ్ళవాళ్ళకి అది ఏడాది తిండి సంపాదించే కాలం. వరి రైతుని నాట్ల రోజున ఆఫీసుకి రమ్మంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఏ గడువూ విడిగా చూస్తే అన్యాయం కాదు. అన్నీ ఒకే మనిషి మీద, ఒకే సీజనులో పడటమే కష్టం. ఆ మనిషే కాయ చూసి కొనాలి, ఉప్పు రుచి చూడాలి, మూడోనాడు తిరగకలిపేటప్పుడు నూనె సరిపోయిందో లేదో చెప్పాలి. పెద్ద కంపెనీలో ఈ పనులకి ఈ మనిషి, ఆ కాగితాలకి ఇంకో మనిషి ఉంటారు. ఇక్కడ ఇద్దరూ ఒక్కరే.

ఆ పుస్తకం చూడకముందే సీజను సంగతి నాకు తెలుసు, అయినా 2023లో డి-1ని మే 30 దాకా లాగాను. నాకు ఆ నెలలో ఇంకో నలభై యూనిట్ల రిటర్నులు ఉన్నాయి, వరసలో చేసుకుంటూ వచ్చాను. నా వరస నాకు కుదిరింది, ఆవిడ బేసిన్లు పాడయ్యాయి.

లేబుల్ కథ

ఆ మధ్యలోనే ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో, అంటే ప్యాకెట్ సరుకు మీద ఏమేం రాయాలో చెప్పే రూళ్ళలో, ఒక మార్పు అమల్లోకి వచ్చింది. ఎమ్మార్పీతో పాటు యూనిట్ ధర కూడా వెయ్యాలి. కిలో కంటే తక్కువ ప్యాకెట్ అయితే గ్రాముకి ఎంతో వెయ్యాలి. అరకిలో సీసా ₹190 అయితే, గ్రాముకి ₹0.38 అని. కొనేవాళ్ళు రెండు సైజుల ధర పోల్చుకోవడానికి పెట్టిన రూలు. ఉద్దేశం మంచిదే. కానీ మన బజార్లో పచ్చడి ధర గ్రాముల్లో అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. కిలో ఎంత, అరకిలో ఎంత, పావుకిలో ఎంత, ఇదే మన లెక్క. ఆ చిన్న సీసా మీద కూడా కిలో ధరే వెయ్యమని ఉంటే జనానికి నిజంగా పనికొచ్చేది.

ఆవిడ దగ్గర అప్పటికి 30,000 లేబుళ్ళు ప్రింటై ఉన్నాయి. ఒక్కోటి ₹1.60. మొత్తం ₹48,000. చిన్నవాళ్ళు అన్ని ఎందుకు వేయించుకుంటారని అడగొచ్చు. తక్కువ వేయిస్తే ప్రెస్సువాళ్ళు ఒక్కోదానికి రెండింతలు అడుగుతారు. ఈ రూలు మారిందని మా ముగ్గురిలో ఎవ్వరం ఆవిడకి చెప్పలేదు. లేబుల్ మీద ఫుడ్ లైసెన్సు నంబరు, పోషకాల పట్టిక, పచ్చ చుక్క ఉన్నాయా అని నేను చూస్తాను. ధర, బరువు తూనికలు కొలతల చట్టం కిందకి వస్తాయి కాబట్టి అది నా పని కాదనుకున్నాను. ఒకే లేబుల్ మీద రెండు చట్టాలున్నాయి, రెండిటికీ మధ్య మనిషి లేడు.

2023 మార్చిలో ఒక షాపులో తనిఖీలో అది బయటపడింది. విషయం తెలిసిన వెంటనే ఆవిడ కూతురు గ్రాము ధర ఉన్న చిన్న స్టిక్కర్లు కొట్టించి అన్నిటి మీదా అంటించింది. రెండు రాత్రులు కూర్చుని నలుగురు అంటించారు. తరవాత తెలిసింది, చట్టం చెప్పమన్న వివరాల కోసం విడిగా స్టిక్కరు అంటించడం ఆ నిబంధనలే ఒప్పుకోవు. ధర తగ్గించినప్పుడు మాత్రమే, అదీ పాత ధర కనబడేలా, అంటించొచ్చు. తనిఖీ అధికారి మర్యాదగానే మాట్లాడారు, ఆయన చెప్పింది రూలే. కోర్టు దాకా పోకుండా కేసు ముగించే కాంపౌండింగ్ ఫీజు కట్టి, లేబుళ్ళు తగలబెట్టారు.

దీనికి మేం చేసిన పరిష్కారం చాలా చిన్నది, కానీ ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చింది అదే. లేబుల్‌ని రెండు భాగాలు చేశాం. ఎప్పటికీ మారనివి, అంటే పేరు, చిరునామా, దినుసుల వరస, లైసెన్సు నంబరు, ప్రెస్సులో వేయిస్తాం. ఎమ్మార్పీ, గ్రాము ధర, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ కోసం ఒక తెల్ల చోటు వదిలి, సీసా కట్టే రోజున షెడ్డులోనే చిన్న థర్మల్ ప్రింటర్‌తో ఆ లేబుల్ మీదే కొడతాం. రేపు ఇంకో రూలు మారినా ఆ తెల్ల చోటులో మార్చుకుంటే సరిపోతుంది. ఫుడ్ లేబుల్ మార్పులు ఏటా జులై 1 నుంచే అమల్లోకి తేవాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిర్ణయించింది. చిన్నవాళ్ళకి ఇది నిజంగా మేలు. ఆ తేదీ ఆవకాయ సీజను అయిపోయాక రావడం కేవలం అదృష్టం.

హైదరాబాద్ కూడా పరాయి రాష్ట్రమే

దీన్ని క్లుప్తంగా చెబుతాను. ఆవిడ కూతురు కూకట్‌పల్లిలో ఉంటుంది. అపార్టుమెంట్లలో ఆర్డర్లు తీసుకుని అమ్ముతుంది. సరుకులో సగం దాకా అక్కడికే పోతుంది. ఆవిడ లెక్కలో హైదరాబాద్ అంటే కూతురి ఇల్లు. 2014 నుంచి అది వేరే రాష్ట్రం, జీఎస్టీ లెక్కలోనూ అంతే. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి ₹40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం దాటి ఒక్క పెట్టె పంపినా ఆ మినహాయింపు పోతుంది. టర్నోవరు మీద 1 శాతం కట్టి ఊరుకునే కాంపోజిషన్ పద్ధతీ రాష్ట్రం దాటి అమ్మేవాళ్ళకి లేదు. ఆవిడని కాంపోజిషన్‌లో చేర్చారు. ఎక్కడ అమ్ముతున్నారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మామూలు పద్ధతికి మారేసరికి పాత సరుకు మీద తేడా పన్ను, వడ్డీ కట్టాల్సి వచ్చింది. అప్పట్లో పచ్చళ్ళ మీద 12 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది, ఆవిడకి చాలా ఊరట.

ఇప్పుడు కొత్త క్లయింటు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న టర్నోవరు ఎంత అని కాదు. సరుకు ఏ ఊరు పోతుందని.

24 మంది

అన్నిటికంటే బరువైనది ఇదే. అప్పట్లో పీఎఫ్ వర్తించడానికి హద్దు 20 మంది, ఈఎస్ఐకి 10 మంది, పవర్‌తో నడిచే చోట ఫ్యాక్టరీల చట్టానికి కూడా 10 మంది. ఏడాది పొడుగునా ఉన్నది ఏడుగురే. కానీ లెక్క సగటుది కాదు, ఏ ఒక్క రోజు అన్ని మంది ఉన్నా చట్టం వర్తిస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ అయితే ఒకసారి వర్తించాక తరవాత మనుషులు తగ్గినా పోవు. అప్పటి ఈఎస్ఐ చట్టంలో సీజనల్ ఫ్యాక్టరీలకి మినహాయింపు ఉండేది. ఆ జాబితాలో పత్తి జిన్నింగు, వేరుశనగ, కాఫీ, తేయాకు, చక్కెర, లక్క, నీలిమందు కూడా ఉండేవి. పచ్చళ్ళు లేవు. నీలిమందు చేసే యూనిట్ ఈ జిల్లాలో ఒక్కటీ నాకు తెలియదు. ఆవకాయ పట్టే యూనిట్లు ఎన్నో తెలుసు.

చాలామంది చేసేది ఏంటంటే, యూనిట్‌ని కాగితాల మీద రెండు ముక్కలు చేసి, ఒకటి తోడికోడలి పేరున, ఒకటి తమ పేరున చూపిస్తారు. ఆవిడకి కూడా ఆ సలహా ఇచ్చినవాళ్ళున్నారు. లేదంటే మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, తొమ్మిది పేర్లే రాస్తారు. నేను ఈ రెండూ చెయ్యను. కానీ ఎందుకు చేస్తారో నాకు అర్థమవుతుంది.

లెక్క చూడండి. రోజు కూలి ₹450. 26 రోజులకి ₹11,700. యజమాని వాటా పీఎఫ్, బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. మనిషికి నెలకి సుమారు ₹1,900. అది ఆవిడ భరించగలరు, కిలో ధర కొంత పెంచితే సర్దుకుంటుంది. అసలు చిక్కు రెండో వైపు ఉంది. పనిమనిషి కూలిలోంచి పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం, అంటే దాదాపు ₹1,490 కోత. ₹450 కూలి చేతికొచ్చేసరికి ₹393 అవుతుంది. ఆరు వారాలకి వచ్చే మనిషికి ఈ కోత ఎందుకో ఎలా చెప్పాలి? "ఆ డబ్బులు మీవేనమ్మా, తరవాత తీసుకోవచ్చు" అంటే, "తరవాత అంటే ఎప్పుడండీ? జూన్లో పిల్లల పుస్తకాలకి కావాలి" అంది ఒకావిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈఎస్ఐలో జబ్బు సెలవుకి డబ్బు రావాలంటే ఆ ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా ఉండాలి. సీజను మనిషికి నలభై రోజులు కూడా రావు.

2023లో ఆవిడ రిజిస్ట్రేషన్ వద్దనుకున్నారు. వచ్చే ఏడాది చూద్దామన్నారు.

ఆ మే నెలలోనే కాయ కొడుతున్న ఒక అమ్మాయికి కత్తి జారి ఎడమ చేతి బొటనవేలు తెగింది. ఆవకాయ కత్తి అంటే టెంకతో సహా కాయని ఒక్క దెబ్బకి చీల్చేది. నరం తెగింది. ప్రైవేటు ఆసుపత్రిలో కుట్లు, ఆపరేషను, ఖర్చంతా ఆవిడే పెట్టారు. ఆ అమ్మాయి రెండు నెలలు పనికి పోలేదు, ఆ కూలి కూడా ఆవిడే ఇచ్చారు. ఈఎస్ఐలో పని ప్రమాదానికి 78 రోజుల లెక్క లేదు. చేరిన మొదటి రోజు నుంచే వైద్యం, పని చెయ్యలేని రోజులకి కూలిలో 90 శాతం వస్తుంది. ఈ సంగతి నేను ఆవిడకి ముందే చెప్పాను. కానీ కాగితం మీద చెప్పాను, ఖర్చుల పట్టికలో ఒక వరసలా. ఆ పట్టిక పక్కన కూర్చుని, ఇది మీ కాయ కొట్టేవాళ్ళ వేళ్ళ గురించమ్మా అని చెప్పి ఉండాల్సింది.

జూన్లో ఆవిడే ఫోన్ చేశారు. "తమ్ముడూ, అందరి పేర్లూ ఎక్కించెయ్యండి. ఎంతయితే అంత" అన్నారు. 2024 సీజనుకి కూలిని ₹450 నుంచి ₹520కి పెంచి, కోత పోయాక కూడా పాత కూలి కంటే తగ్గకుండా చేశారు. కోత పోను ₹453 పైన వస్తుంది. ఖర్చు బాగా పెరిగింది. అరకిలోకి ₹10 పెంచారు, సరుకు ఆగలేదు.

తరవాత జరిగింది నేను ఊహించనిది. అంతకుముందు ఆవిడ ప్రతి సీజనులోనూ మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవారు. ఇంకొకరొస్తే ఏమవుతుందో అన్న టెన్షన్. డల్లాస్ నుంచి వచ్చిన ఒక పెద్ద ఆర్డరు, హైదరాబాద్‌లో ఒక స్వీటు షాపుల గొలుసు అడిగిన ఆర్డరు, రెండూ వదులుకున్నారు. ఏ లెక్కల పుస్తకంలోనూ ఈ నష్టం కనబడదు. ఒకసారి చట్టం లోపలికి వచ్చాక ఆ భయం పోయింది. 2025 సీజనులో 31 మంది పనిచేశారు. హైదరాబాద్ ఆర్డరు తిరిగి అడిగి తెచ్చుకున్నారు.

ఏం మార్చాం, ఏం మారాలి

ఇప్పుడు షెడ్డు గోడ మీద ఒకే క్యాలెండరు ఉంది. జీఎస్టీ, పీఎఫ్, ఫుడ్, కాటా ముద్ర, ల్యాబ్ పరీక్ష అన్నీ దాని మీదే. ఆడిటర్ గారూ, నేనూ ఫిబ్రవరిలో ఒకరోజు ఆవిడ దగ్గర కలిసి కూర్చుంటాం. ల్యాబ్ పరీక్షలు ఆగస్టుకి, ఫిబ్రవరికి జరిపాం. ఉత్పత్తి లెక్క రకాల వారీగా ప్రతి నెలాఖరున భర్తగారు ఒక షీటులో వేస్తారు, కాబట్టి డి-1 ఏప్రిల్ మొదటి వారంలోనే అయిపోతోంది. 2024లో ఏప్రిల్ 5న వేశాం. 2025లో కూడా కాయ రాకముందే. ఆఫీసుల నుంచి వచ్చే ఓటీపీలన్నీ ఇప్పుడు కూతురి ఫోన్‌కి వెళతాయి. రూళ్ళ పుస్తకం ఇంకా రాస్తున్నారు. 2024–25లో 38 రోజులు. ఏప్రిల్ 15, జూన్ 10 మధ్య ఐదు.

ఇవన్నీ మా వైపు నుంచి చేసుకున్నవి. చెయ్యలేనివీ ఉన్నాయి. డి-1 గడువు పచ్చళ్ళు, అప్పడాలు, వడియాల లాంటి వేసవి సరుకు చేసేవాళ్ళకి ఆగస్టు 31 అయితే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. ఆరు వారాల మనిషికి పని ప్రమాద రక్షణ పూర్తిగా ఇచ్చి, పీఎఫ్ కోతని ఆమె ఇష్టానికి వదిలితే, మస్టర్లో పేరు దాచే అవసరం సగం పోతుంది. ఈ రెండూ పెద్ద సంస్కరణలు కావు.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు 29 పాత కార్మిక చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చాయి. పవర్‌తో నడిచే చోట ఫ్యాక్టరీ అనడానికి హద్దు 10 నుంచి 20కి పెరిగింది. ఏడాదంతా పదీ పన్నెండు మందితో నడిచే యూనిట్లకి ఇది పెద్ద మేలు, నా క్లయింట్లలోనే చాలామందికి. ఈవిడకి మాత్రం సీజనులో 31 మంది కాబట్టి తేడా లేదు.

2024 సీజనులో పనిచేసిన ముగ్గురు ఆడవాళ్ళకి పీఎఫ్ డబ్బు ఇంకా రాలేదు. ఒకావిడ పేరు ఆధార్‌లో మహాలక్ష్మి, బ్యాంకు పుస్తకంలో లక్ష్మి. ఇంకొకరికి పుట్టిన తేదీలో సంవత్సరం తేడా. మూడోవారికి ఇంటి పేరే లేదు. ఒక్కొక్కరికి రావాల్సింది నాలుగు వేల లోపే. సోమవారం ముగ్గురినీ తీసుకుని బ్యాంకుకి వెళ్ళాలి. ఒక రోజు కూలి పోతుంది కాబట్టి, ఆ రోజుది ఆవిడ ఇస్తానన్నారు.